పాలిమర్ పూత స్టెంటా, నానో పూత స్టెంటా?

బెంగళూరులో మనవాళ్లింట్లో ఎవరికైనా స్టెంట్ (పూడుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) అనగానే "కొత్తగా నానో పూత వచ్చిందట, అదే వేయించమంటావా అన్నా?" అని అడుగుతున్నారు.

ఉత్త లోహపు స్టెంట్ వేస్తే లోపల కణజాలం పెరిగి కొందరిలో రక్తనాళం మళ్లీ పూడుకుపోయేది. అందుకే ఆ పెరుగుదలను అడ్డుకునే సిరోలిమస్ అనే మందు పూసిన స్టెంట్ వచ్చింది. అమెరికా దానికి 2003లో అనుమతిచ్చింది. మందును పట్టి ఉంచేది పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర. చిక్కంతా అక్కడే: మందు అయిపోయినా పొర మిగిలిపోయి, నాళపు గోడలో వాపు తెచ్చి, గాయం మానడం ఆలస్యమయ్యేది. దాంతో కొందరికి ఏడాది దాటాక కూడా రక్తం గడ్డకట్టింది. ఇప్పటి స్టెంట్ల తీగలు సన్నం, కొన్నింటిలో పొర కరిగిపోతుంది. ముప్పు బాగా తగ్గింది.

నానో పద్ధతిలో మందును అతి సన్నని రేణువులుగా చేసి, కొన్నిసార్లు ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వులో చుట్టి పూస్తారు. ఆ కొవ్వు పొర సాయంతో మందు గోడలోకి తేలిగ్గా ఇంకుతుంది. శాశ్వత పాలిమర్ లేకుండా చేయొచ్చు. ఆలోచన నాకెంతో నచ్చింది. కానీ రేణువులు రక్తంలో కొట్టుకుపోకూడదు, పైగా ఏళ్ల తరబడి చూసిన అనుభవం పాలిమర్ స్టెంట్లకే ఎక్కువ.

మా బాబాయికైతే ఈరోజు కొత్త తరం పాలిమర్ స్టెంటే వేయించమంటాను. ఏది వేసినా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టర్ చెప్పకుండా మాత్రం ఆపొద్దు.