పైన్ చెట్ల మధ్య శాటిలైట్ నెట్: పెద్ద ప్లాన్ కొనకండి, ముందు వీపీఎన్ సంగతి చూడండి

మేముండేది ఈస్ట్ టెక్సాస్‌లో ఊరికి బాగా దూరంగా, కేబుల్ లేదు ఫైబర్ లేదు, చుట్టూ పైన్ చెట్లే. తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్లతో నడిచే స్టార్‌లింక్‌కి ఆకాశం చాలా మేర ఖాళీగా కనపడాలి, పాత రకం శాటిలైట్ డిష్‌కైతే దక్షిణం వైపు ఒక్క సందు ఉంటే చాలు, అందుకే అదే పెట్టించాం. దీని శాటిలైట్ 35,786 కిలోమీటర్ల పైన ఒకే చోట ఉంటుంది. స్పీడ్ టెస్ట్‌లో 25 ఎంబీపీఎస్ వస్తుంది గానీ పింగ్ (అడిగినదానికి జవాబు తిరిగొచ్చే సమయం) 600 మిల్లీసెకన్ల పైమాటే. సిగ్నల్ పైకెళ్ళి కిందకొచ్చి, జవాబు మళ్ళీ అదే దారిలో రావాలంటే కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను, ఏ ప్లాన్ కొన్నా అది తగ్గదు కాబట్టి సేల్స్ వాళ్ళు పెద్ద ప్లాన్ అంటే ఫోన్ పెట్టేయండి.

ఇందులో నిజంగా మెచ్చుకోవాల్సింది యాక్సిలరేటర్, అంటే ఈ లేటుని కప్పిపుచ్చే ఏర్పాటు. టీసీపీ (నెట్‌లో డేటా పంపే మామూలు పద్ధతి) కొంత డేటా పంపి "అందింది" అని జవాబు వచ్చేదాకా ఆగుతుంది కదా, అలా ఆగకుండా ఒక విడతలో పంపేది (దీన్నే విండో అంటారు) 64 కేబీ అయితే ఇంత లేటు లింక్ మీద ఒక కనెక్షన్‌కి 1 ఎంబీపీఎస్ కూడా రాదు. ఇప్పటి సిస్టమ్స్ విండో పెంచుకుంటాయి, కాకపోతే ఆ పెరగడానికే బోలెడుసార్లు పైకీ కిందకీ తిరగాలి. అందుకని ఇక్కడ మోడెం మన కంప్యూటర్‌కి, అక్కడ కంపెనీ గ్రౌండ్ స్టేషన్‌లో ఉండే డబ్బా అవతలి వెబ్‌సైట్ సర్వర్‌కి, అసలు జవాబు రాకముందే "అందింది" అని చెప్పేస్తాయి. పెళ్ళి సంబంధాల్లో మధ్యవర్తి రెండు వైపులా "వాళ్ళు ఒప్పుకున్నారండీ" అన్నట్టు. పెద్ద ఫైళ్ళు బానే దిగుతాయి.

ఆఫీస్ వీపీఎన్ (డేటా అంతా తాళం వేసి ఆఫీస్ నెట్‌వర్క్ ద్వారా పంపేది) ఆన్ చేశారా, అయిపోయింది. అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యాక మోడెంకి లోపల టీసీపీ ఎక్కడ కనపడుతుంది, యాక్సిలరేటర్ ఉన్నా లేనట్టే. కస్టమర్ కేర్ వాళ్ళకి ఇది చెప్తే మోడెం ఆపి ఆన్ చేయమన్నారు 😀 చివరికి మా ఐటీ వాళ్ళని బతిమాలి స్ప్లిట్ టన్నెల్ పెట్టించా, ఆఫీస్ సైట్లు మాత్రమే వీపీఎన్‌లో, మిగతాదంతా బయట, అప్పటినుంచి హాయి. క్రోమ్‌లో టీసీపీ బదులు వాడే క్విక్ (QUIC) ప్రోటోకాల్‌ది కూడా ఇదే గొడవ, అదీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది, chrome://flags పేజీలోకెళ్ళి ఆపితే మళ్ళీ టీసీపీకి వస్తుంది, మీ దగ్గర రెండు రకాలుగా పెట్టి చూసుకోండి. రౌటర్‌లో డీఎన్ఎస్ క్యాష్ (సైట్ పేర్ల అడ్రసులు గుర్తుపెట్టుకునేది) కూడా పెట్టండి, ఒకసారి అడిగిన సైట్ పేరునే మళ్ళీ అడగడానికి అర సెకను ఎందుకు తగలెయ్యడం.

వీడియో కాల్‌కి మాత్రం మందు లేదు. అమ్మా నేనూ ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి ఆగిపోతాం. గేమ్స్ ఆడే పిల్లలుంటే అసలు వద్దు. మెయిల్, బ్రౌజింగ్, సినిమాలు చాలనుకుంటే, చెట్లు కొట్టించడం ఇష్టం లేకపోతే తీసుకోవచ్చు, నేనైతే 3/5 ఇస్తా.