ట్రాలీ టైర్లు: ఆరేళ్లు వాడాక నాకు తెలిసింది

మాది నల్లగొండ జిల్లా నిడమనూరు దగ్గర ఒక పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేస్తాం. ఒక ట్రాక్టర్, దాని వెనక నాలుగు చక్రాల ట్రాలీ ఉన్నాయి. వానాకాలం, యాసంగి కోతలప్పుడు మా వడ్లతో పాటు చుట్టుపక్కల రైతుల వడ్లు కూడా కిరాయికి మిర్యాలగూడ మిల్లులకు తోలుతాను. 2019 అక్టోబరులో ఈ ట్రాలీకి నాలుగు కొత్త టైర్లు వేయించాను. 2025 సెప్టెంబరులో వాటిని తీసేసి మళ్లీ కొత్త సెట్టు వేయించాను. మధ్యలో గడిచిన ఆరేళ్లలో ఆ టైర్లు ఎట్లా పనిచేశాయో, నేను ఏం చూసి కొన్నానో, ఎక్కడ పొరపాటు చేశానో రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఎం.ఆర్.ఎఫ్., అపోలో, జేకే, సియట్ అన్నీ ట్రాలీ సైజుల్లో టైర్లు చేస్తున్నాయి. ఏ కంపెనీదైనా చూడాల్సినవి ఇవే.

ముందు 2019 మే నెలలో జరిగింది చెప్పాలి. అప్పుడు ట్రాలీకి ఉన్నవి రబ్బరు పోయించిన పాత టైర్లు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేసినవి. రెండేళ్ల ముందు కొన్నాను. ఒక కొత్త టైరు ధరకు మూడు వచ్చాయి. బటన్లు (నేలను పట్టే రబ్బరు గడ్డలు) లోతుగా, నల్లగా నిగనిగలాడుతూ ఉన్నాయి, కొత్తవాటికీ వాటికీ తేడా కనపడలేదు. మిట్టమధ్యాహ్నం పచ్చి వడ్ల లోడుతో మిల్లుకు పోతుంటే వెనక ఎడమ టైరు పేలింది. ట్రాలీ కాలువ వైపు ఒరిగి కట్ట అంచున ఆగింది. నాకు గానీ నా వెంట ఉన్న పిల్లగాడికి గానీ ఏం కాలేదు. వడ్లు సగం నేలపాలయ్యాయి.

పంక్చర్ షాపతను టైరు తిప్పి చూసి, "బటన్లు నిన్నమొన్న పోసినవే అన్నా, టైరే ముసల్ది" అన్నాడు. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు చూపించాడు. 3109. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే 2009లో 31వ వారంలో తయారైన టైరు. నా కింద పేలేనాటికి దానికి దాదాపు పదేళ్లు. మిగతా మూడూ చూస్తే ఒకటి 2010, రెండు 2011. రెండేళ్లు వాటి మీద తిరిగాను, ఒక్కసారి కూడా ఆ గడి చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు నెలల ముందు, ఫిబ్రవరిలో, దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరకు అదే ట్రాలీలో మా వాడకట్టు వాళ్లందరినీ తీసుకుపోయాను. మా అమ్మ, మా ఇద్దరు పిల్లలు, చుట్టాలు, మేకపోతులు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం తప్పు. ఊళ్లో అందరం చేస్తాం కాబట్టి నేనూ చేశాను. ఆ టైరు జాతర దారిలో పేలి ఉంటే? ఆ తర్వాత జాతరలకు ఆటో మాట్లాడుకుంటున్నాం. నేను ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం మానేశాను.

కొత్త టైర్లు కొనే ముందు చేసిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది వేబ్రిడ్జి మీద తూకం. అందరం ట్రాలీ మొత్తం బరువే చూస్తాం. నేను లోడు ట్రాలీని రెండుసార్లు ఆపించాను. ముందు నాలుగు చక్రాలూ కాంటా మీద పెట్టి, తర్వాత వెనక రెండు చక్రాలు మాత్రమే ఉండేలా. ట్రాలీతో కలిపి మొత్తం 6900 కిలోలు వచ్చింది. అందులో వెనక ఇరుసు మీద 3800. అంటే వెనక ఒక్కో టైరు మీద 1900 కిలోలు. కోత మిషన్ కిందికి ట్రాలీ పెట్టి వడ్లు పోయించుకున్నప్పుడు వెనకవైపే ఎక్కువ పడుతుంది, కుప్ప కూడా అటే ఎత్తుగా ఉంటుంది. పైగా పచ్చి వడ్లు. అదే ట్రాలీలో, అదే ఎత్తుకు ఎండిన వడ్లు పోస్తే ఇంత బరువు రాదు. కొలతకు పచ్చి వడ్ల తూకమే తీసుకోవాలి.

ఇక టైరు మీద రాసి ఉండేవి. మా ట్రాలీకి 9.00-16 సైజు. 9.00 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో, 16 అంటే డిస్కు (టైరు ఎక్కించే ఇనుప చక్రం) వ్యాసం, అదీ అంగుళాల్లోనే. డిస్కులు మార్చకుండా సైజు మార్చాలని చూడొద్దు. సైజు తర్వాత లోడ్ నంబరు, దాని పక్కన స్పీడ్ అక్షరం ఉంటాయి. లోడ్ నంబరు 130 అంటే ఒక్క టైరు 1900 కిలోలు మోస్తుంది. 135 అంటే 2180, 140 అంటే 2500. స్పీడ్ అక్షరం ఏ6 అయితే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అయితే 40. ఆ వేగం లోపల పోయినప్పుడే ఆ బరువు లెక్క. నా కాంటా లెక్క సరిగ్గా 130 దగ్గర ఆగింది, మిగులు సున్నా. గుంతలో పడ్డప్పుడు, మలుపులో ఒకవైపు బరువు ఒరిగినప్పుడు ఆ టైరు మీద ఎంత పడుతుందో ఊహించుకోండి. అందుకే 135కి తగ్గకుండా చూసి 16 ప్లై టైర్లు తీసుకున్నాను. ప్లై సంఖ్య అంటే ఇప్పుడు లోపల సరిగ్గా అన్ని పొరలు ఉన్నాయని అర్థం కాదు, అది బలానికి గుర్తు.

చాలామంది మర్చిపోయేది గాలి. ప్లై ఎక్కువ ఉన్న టైరు కొని, గాలి మాత్రం పాత లెక్కనే కొట్టిస్తే ఆ ఎక్కువ బలం మనకు దక్కదు. బరువు మోసేది లోపలి గాలే, టైరు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. గోడ మీద ఇంత బరువుకు గాలి ఒత్తిడి ఇన్ని పాయింట్లు అని రాసి ఉంటుంది. అంత కొట్టించాలి. గాలి తక్కువైతే గోడ ప్రతి చుట్టుకూ మడత పడి లేస్తుంది, వేడెక్కుతుంది, లోపలి దారాలు తెగుతాయి. మే నెల ఎండలో తారు రోడ్డే కాలిపోతుంటుంది, దానికి ఈ వేడి తోడైతే ఇంకేముంది. తెల్లవారి బండి కదలక ముందే గాలి చూసుకోవాలి. నడిచి వచ్చిన టైరులో పాయింట్లు ఎక్కువ చూపిస్తాయి. అది చూసి గాలి తీయిస్తే చల్లారాక తక్కువ పడుతుంది. నేను ఒక గేజు కొని ట్రాక్టర్ పెట్టెలో పెట్టుకున్నాను.

రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా పోయే టైరు) తీసుకోమని కొందరు చెప్పారు. రోజూ హైవే మీద దూరం తోలేవాళ్లకు అదే మంచిది, తక్కువ వేడెక్కుతుంది. నేను పొలం గట్లు, మొరం దారి, కాలువ కట్ట, ఆ తర్వాతే తారు రోడ్డు ఎక్కుతాను. రాళ్లు గోడకు గీసుకుంటాయి. పలచని గోడ ఉన్న రేడియల్‌కు నా దారి సరిపోదనిపించి, దారాలు ఏటవాలుగా అల్లి ఉండే మామూలు నైలాన్ టైర్లు వేయించాను. దానికి ఇప్పటికీ చింత లేదు. ఒకే ఇరుసుకు ఒకవైపు రేడియల్, ఇంకోవైపు నైలాన్ మాత్రం వేయొద్దు. గోడల మెత్తదనం వేరు కాబట్టి బరువు సమానంగా పడదు, ట్రాలీ ఒకవైపు లాగుతుంది. బటన్ల సంగతికొస్తే, ట్రాలీ చక్రాన్ని ఇంజను తిప్పదు, వెనక లాగించుకుంటూ వస్తుంది. దానికి పెద్ద పెద్ద బటన్లతో పనిలేదు. నిలువు గీతల టైరు నిమ్మళంగా నడుస్తుంది, సమానంగా అరుగుతుంది.

షాపులో నాకు ఇచ్చిన నాలుగింటిలో మూడు ఆ సంవత్సరానివి, ఒకటి రెండేళ్ల కిందటిది. "వాడనిదే కదా, కొత్తదే" అన్నారు. వాడకపోయినా రబ్బరుకు వయసు పెరుగుతూనే ఉంటుంది. వద్దన్నాను. ఇంకోటి తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది, ఆగాను. మీరూ ఆగండి. డబ్బులు కొత్త టైరుకే ఇస్తున్నాం.

ట్యూబులు, ఫ్లాపులు (ట్యూబుకూ డిస్కుకూ మధ్య వేసే రబ్బరు పట్టీలు) కూడా కొత్తవే వేయించాను. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో ముడత పడి అక్కడే చిరుగుతుంది. డిస్కుల తుప్పు వైర్ బ్రష్‌తో గీకించి రెడాక్సైడ్ కొట్టించాను. లాక్ రింగు (టైరును డిస్కు మీద పట్టి ఉంచే విడి ఇనుప చుట్టు) ఉన్న డిస్కులైతే గాలి కొట్టేటప్పుడు ఎవర్నీ ఎదురుగా నిలబడనివ్వొద్దు. రింగు సరిగా కూర్చోకుండా ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. చుట్టూ గొలుసు కట్టి గాలి కొట్టే షాపుకే పోండి.

మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. పంక్చర్లు మాత్రం తప్పలేదు, సర్కారు తుమ్మ ముళ్లు 16 ప్లై టైరునూ వదలవు. కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందు లైన్లో రెండు రాత్రులు లోడుతో నిలబడ్డ రోజులున్నాయి. లైను కదిలినప్పుడల్లా టైర్లు చేత్తో తట్టి చూసుకునేవాడిని. 2022లో వెనక ఎడమ టైరు లోపలి అంచు ఎక్కువ అరుగుతోందని గమనించాను. టైరుదే లోపం అనుకున్నాను. మెకానిక్ జాకీ పెట్టి చక్రం తిప్పితే ఇరుసు వంగినట్టు తేలింది. 2019లో టైరు పేలి ఒరిగినప్పుడే వంగి ఉంటుంది. కొత్త టైర్లు వేసేనాడే ఇరుసు, బేరింగులు చూపించుకోవాల్సింది. ఆ పొరపాటు వల్ల ఒక టైరు మిగతా మూడింటికన్నా ముందే అరిగింది.

ఇక అసలు విషయం. ఆరేళ్లలో మా ట్రాలీ ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు మించి తిరగలేదు. లారీ అయితే నెల రోజుల్లో తిరిగే దూరం అది. మిగతా కాలమంతా దొడ్లో ఎండకు నిలబడి ఉంటుంది. 2023లో సాగర్‌లోకి సరిగా నీళ్లు రాలేదు. ఆ యాసంగికి మా కాలువ కింద పొలాలు బీళ్లు పడ్డాయి. ట్రాలీ నెలల తరబడి కదల్లేదు. 2024లో మళ్లీ బయటికి తీసినప్పుడు పడమటి వైపున్న రెండు టైర్ల గోడల మీద సన్నటి పగుళ్లు కనిపించాయి. తూర్పు వైపు రెండూ బాగానే ఉన్నాయి. ఒకే రోజు కొన్నవి, ఒకే దూరం తిరిగినవి. సాయంత్రపు ఎండ రోజూ పడ్డవాటికే పగుళ్లు. పైగా కదలకుండా ఒకేచోట బరువు పడి కింద భాగం కొద్దిగా చదునైంది, ఖాళీగా పోయినా మొదటి రెండు కిలోమీటర్లు దడదడలాడింది.

ఆ రోజు నుంచి ట్రాలీని వేపచెట్టు నీడకు మార్చాను. పని లేని నెలల్లో ఇరుసుల కింద సిమెంటు దిమ్మెలు పెట్టి చక్రాలు నేలకు తగలకుండా లేపుతున్నాను, గోనెసంచులు కప్పుతున్నాను. డీజిల్ డ్రమ్ము, యూరియా బస్తాలు ట్రాలీ దగ్గర ఉంచడం లేదు. కాలిన ఇంజనాయిల్ పూస్తే టైరు మెరుస్తుందని కొందరు పూస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఆయిల్ రబ్బరును తినేస్తుంది.

2025 సెప్టెంబరులో నాలుగూ తీసేసేనాటికి మూడు టైర్లలో గీతలు సగానికి పైగా ఉన్నాయి. మా నాయిన కోప్పడ్డాడు, ఇంకో రెండు పంటలు వస్తాయి కదా అని. గోడల మీది పగుళ్లు గోరు దిగేంత అయ్యాయని వేలితో తడిమి చూపించాక ఊరుకున్నాడు. పక్క ఊరి నుంచి ఒకాయన రబ్బరు పోయించుకుంటానని కొనడానికి వచ్చాడు. నేను అమ్మలేదు. రెండు కోసి బర్రెలకు కుడితి తొట్లు చేయించాను, రెండు పొలం దగ్గర బోరు గట్టుకు ఒరిగించి పెట్టాను.

కొత్తవి కూడా 9.00-16, 16 ప్లై, నైలాన్. నాలుగింటి మీదా 2025 అంకెలే, ఒకదానికొకటి ఐదు వారాల తేడా లోపల ఉన్నాయి. ఈసారి టైర్లకన్నా ముందే ఇరుసు సరిచేయించి బేరింగులు మార్పించాను. మొదటి లోడు తోలి ఖాళీగా వచ్చాక నట్లన్నీ మళ్లీ బిగించాను. వాటిలో రెండు అర చుట్టు తిరిగాయి. ఇప్పుడు వానాకాలం కోతలు మొదలయ్యాయి, రేపు తెల్లారి నాలుగింటికి మళ్లీ లోడు ఉంది. గేజును ఛార్జింగ్‌లో ఉన్న ఫోను పక్కనే పెట్టుకున్నాను.