ఒక పంటంతా వాడిన రొయ్యల యాప్: 5కి 2 స్టార్లు

మొగల్తూరు దగ్గర మాకు రెండు చెరువులు. ఒకటి సొంతం, ఒకటి లీజు, కలిపి నాలుగున్నర ఎకరాలు. మా ఆయన పోయినప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, వనామి రొయ్యల సాగు నేనే చూసుకుంటున్నాను. కిందటి పంటకు సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన వారానికి, మేత షాపు దగ్గర ఒక కుర్రాడు నా ఫోనులో ఈ యాప్ వేసిచ్చాడు. రొయ్య ఫొటో పెడితే ఏఐ చూసి జబ్బు చెబుతుందని, మేత లెక్క కడుతుందని, పైసా కట్టక్కర్లేదని చెప్పాడు. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా రోజూ వాడాను. యాప్ కంపెనీతో నా గొడవ ఇంకా తేలలేదు కాబట్టి దాని పేరు రాయడం లేదు.

ముందు మంచి చెప్పాలి. మేత లెక్క చాలా బాగుంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలిందో కొడితే తర్వాతి పూటకు ఎంత తగ్గించాలో తెలుగులో గొంతుతో చెబుతుంది. చెరువు దగ్గర ఉండే అబ్బాయికి చదువు రాదు. అయినా అది విని "ఈ పూట కేజీన్నర తగ్గించమంటందండి, ఆయ్" అని నాకు ఫోన్ చేసేవాడు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపొద్దు అని సాయంత్రమే మెసేజ్ వచ్చేది.

58వ రోజున పడమటి చెరువులో తెల్లటి దారాల్లాంటి రెట్ట తేలింది. గుండె జారిపోయింది. ఫొటో పెట్టాను. వైట్ ఫీకల్ (తెల్ల రెట్ట జబ్బు) అనుమానం ఉంది, మేత తగ్గించండి, రొయ్యని ఎదగనివ్వని పరాన్నజీవి ఈహెచ్‌పీ ఉందేమో ల్యాబ్‌లో పీసీఆర్ టెస్టు చేయించండి అంది. భీమవరం తీసుకెళ్లి చూపిస్తే ఈహెచ్‌పీ అనే తేలింది. యాప్ నేరుగా మందు రాసేయకుండా ల్యాబ్‌కి పంపినందుకు ఒక స్టారు. మేత లెక్కకు ఇంకొకటి.

మిగతా మూడు ఎందుకు కోశానో చెప్తాను.

టెస్టు రిపోర్టు వచ్చిన మర్నాడే ముక్కూమొహం తెలియని మందుల డీలరు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ పడమటి చెరువుకి మా దగ్గర మంచి ప్రోబయోటిక్ ఉంది" అన్నాడు. రెండు రోజుల తర్వాత, రొయ్య కొనే అతను "చెరువు బాలేదంట కదండీ" అంటూ కేజీకి 20 రూపాయలు తగ్గించి అడిగాడు. సాగు చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రొయ్య ఒత్తిడిలో ఉందని, తొందరగా పట్టేయాలని కొనేవాడికి తెలిసిందంటే ఇక బేరం వాడిది. అందుకే జబ్బు మాట గట్టు దాటనివ్వం.

ల్యాబ్ నుంచి పోయిందేమో అనుకున్నాను. కానీ ల్యాబ్‌కిచ్చిన సీసా మీద నేను రాసింది "2" అని మాత్రమే. ఊళ్లో ఆ చెరువుని లీజు చెరువు అంటారు. "పడమటి చెరువు" అని పేరు పెట్టింది నేనే, అదీ ఈ యాప్‌లోనే.

మా తోడికోడలి కొడుకు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లో చూసి, "పెద్దమ్మా, దీనికి నీ కాంటాక్టులన్నీ తెరిచిచ్చేశావు" అన్నాడు. నేనివ్వలేదు. వేసిచ్చిన కుర్రాడు వరసగా అన్నిటికీ ఓకే నొక్కేశాడు. అది ఆపేసి చూశాం. మేత లెక్క, ఫొటో, గొంతు అన్నీ ఎప్పటిలాగే పనిచేశాయి. మరి మా పుట్టింటివాళ్ల నంబర్లతో దానికేం పని?

వాడే 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం తీసి చదివి వినిపించాడు. ఆరో సెక్షన్లో ఒక ఉదాహరణ ఉంది. ఫోనులోనే డాక్టరుతో మాట్లాడించే యాప్ ఒకటి కాంటాక్టులు కూడా అడిగిందనుకోండి, దాన్ని వాడే ఆవిడ సరే అంది. వైద్యానికి కాంటాక్టుల అవసరం లేదు కాబట్టి ఆ ఒప్పుకోలు వైద్యం వరకే చెల్లుతుందని చట్టమే చెబుతోంది. వింటుంటే నా సంగతే రాసినట్టుంది. ఇంకోటి, ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లోగానీ, మనం కోరినదాంట్లో చదువుకునే వీలుండాలి. తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది. మేత గురించి అంత చక్కగా తెలుగు మాట్లాడే యాప్‌కి, నా డేటా ఏం చేస్తుందో చెప్పే పేజీ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది.

"మేత అప్పు స్కోరు" అని ఇంకో పేజీ ఉంది. వైట్ ఫీకల్ సంగతి ఎక్కించిన వారంలో నా స్కోరు పడిపోయింది, అప్పు మీద ఇచ్చే మేత బస్తాలు తగ్గించేశారు. ఎందుకని అడిగితే సిస్టమ్ తీసుకున్న నిర్ణయం అన్నారు. జబ్బు దాచకుండా రాసినందుకు నాకు అప్పు తగ్గింది! యూరప్‌లో 2024లో ఏఐకి విడిగా చట్టం వచ్చింది. మనిషికి అప్పు ఇవ్వొచ్చో లేదో తేల్చే ఏఐని వాళ్లు ప్రమాదం ఎక్కువున్న రకంలో పెట్టి, మనుషుల పర్యవేక్షణ ఉండాలన్నారు. మనకి అలాంటి చట్టం లేదు. 2025 నవంబరులో కేంద్రం ఏఐ మీద మార్గదర్శకాలు మాత్రం ఇచ్చింది. నాకు ఇది చాలదనిపిస్తోంది. మేత ఆగితే పంట ఆగుతుంది. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పే మనిషి ఒకరుండాలి.

డేటా చట్టంలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. సమాచారాన్ని సరిగా కాపాడని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. కానీ ఆ డబ్బంతా ప్రభుత్వ ఖజానాకే. కేజీకి 20 చొప్పున పోగొట్టుకున్న రైతుకి అందులోంచి రూపాయి రాదు. పైగా నియమాలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి.

గడువు సంగతి తెలిసే కంపెనీకి తెలుగులో మెయిల్ పెట్టాను. నా చెరువుల వివరాలు ఎవరెవరికిచ్చారో చెప్పండి, కాంటాక్టులు తుడిచేయండి అని అడిగాను. పదకొండు రోజులకు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. కాంటాక్టులు తీసేశారట. చెరువు వివరాలు "భాగస్వాములకు" ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ భాగస్వాములెవరని మళ్లీ రాశాను, దానికింకా జవాబు లేదు.

పడమటి చెరువు 90 కౌంటులో (కేజీకి 90 రొయ్యలు) వేరే అతనికి పట్టించాను. వచ్చే నెల మళ్లీ సీడ్ వేస్తున్నాం. మేత లెక్కకు యాప్ వాడతాను, చెరువు పేరు దగ్గర "2" అనే పెడతాను. జబ్బు వివరాలు మాత్రం పాత పద్ధతిలో గట్టు మీద షెడ్డులో పుస్తకంలో రాస్తాను.