ఆస్టిన్‌లో 149 డాలర్ల గది, పైసా అడగని కాపిటల్

ముందే చెప్తున్నా, కారేసుకుని వెళ్లేవాళ్లు ఆస్టిన్ డౌన్‌టౌన్‌లో రాత్రి ఉండకండి. 149 డాలర్లని చూసి గది తీసుకున్నాను. పొద్దున చేతికొచ్చిన బిల్లు 251 డాలర్ల 58 సెంట్లు! ‘ఫెసిలిటీ ఫీ’ అట, 25. ఆ ఫెసిలిటీ ఏమిటయ్యా అంటే వైఫై, రెండు నీళ్ల సీసాలు. దానిమీద కూడా 17 శాతం టాక్స్. కారు పెట్టినందుకు 48, వాలే (హోటల్ వాళ్లే కారు తీసుకెళ్లి పెట్టడం) తప్ప వేరే దారి లేదు. అడిగితే, బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉందిగా అన్నారు. నాన్న రూపాయల్లో లెక్కేసి, “ఇరవై వేలు దాటిందిరా” అన్నారు. ఆ తర్వాత గంటసేపు ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ కోపం టెక్సాస్ కాపిటల్లో, అంటే రాష్ట్ర శాసనసభ భవనంలో, తగ్గింది. అక్కడి విజిటర్స్ గ్యారేజీలో మొదటి రెండు గంటలూ పార్కింగ్ ఫ్రీ. టికెట్టు లేదు, గైడు కూడా ఉచితమే. 1888లో ఎర్ర గ్రానైట్‌తో కట్టిన భవనం. గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే శబ్దం తిరిగి మన చెవుల్లోనే పడుతుంది. అమ్మ నాలుగుసార్లు కొట్టింది.

చుట్టూ గోడలకి గవర్నర్ల చిత్రపటాలు. కొత్తది చేరినప్పుడల్లా మిగిలినవన్నీ ఒక్కో చోటు జరుగుతాయి. గైడు ఎన్నికల గురించి చెప్తుంటే నాన్న నా మోచెయ్యి గిల్లి, “గవర్నర్‌కి ఎన్నికలేంట్రా? ఢిల్లీ నుంచి పంపరూ?” అన్నారు. ఇక్కడ ముఖ్యమంత్రి ఉండడు, ఆ కుర్చీ గవర్నర్‌దే అని చెప్పాను. ఆయనకి గవర్నర్ అంటే ఇప్పటికీ 1984 ఆగస్టులో ఎన్టీఆర్ సర్కారును బర్తరఫ్ చేసిన రామ్‌లాలే.

టెక్సాస్ గవర్నర్ పదవీకాలం మొదట్లో రెండేళ్లే ఉండేది. 1972లో రాజ్యాంగం సవరించారు, 1974 ఎన్నిక నుంచి నాలుగేళ్లు. ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చు. రిక్ పెర్రీ 14 ఏళ్లు కూర్చున్నాడు. లెఫ్టినెంట్ గవర్నర్‌కి, అంటే ఉప గవర్నర్‌కి, వేరే ఓటు, కాబట్టి ఇద్దరూ వేర్వేరు పార్టీలవాళ్లు కావచ్చు. 1995లో గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ రిపబ్లికన్, ఆయన పక్కన లెఫ్టినెంట్ గవర్నర్ బుల్లక్ డెమోక్రాట్. “ఒకే ఒరలో రెండు కత్తులా!” అన్నారు నాన్న.

ఆయనకి బాగా నచ్చింది ఫెర్గూసన్ దంపతుల కథ. భర్త జిమ్‌ని 1917లో అభిశంసించి, మళ్లీ పదవి చేపట్టకుండా నిషేధించారు. 1924లో భార్య మిరియం నిలబడి గెలిచింది. నన్ను గెలిపిస్తే ఒకరి ధరకి ఇద్దరు గవర్నర్లొస్తారని ప్రచారం చేసుకుందట! 1932లో మళ్లీ గెలిచింది కూడా. “మన రబ్రీ దేవికి అమ్మమ్మ ఈవిడ” అని నాన్న పెద్దగా నవ్వేసరికి గైడు ఆగి చూసింది. అనువదించే ధైర్యం నాకు లేకపోయింది.

పక్క వీధిలోనే గవర్నర్ మాన్షన్. 1856 నాటిది. 2008లో ఎవడో నిప్పంటిస్తే బాగుచేయడానికి 2012 దాకా పట్టింది. లోపలికి వెళ్లాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి. నేను చేయలేదు. మా ఆవిడ నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. మీరు వెళ్తే మాత్రం ముందు అది బుక్ చేసుకుని, ఆ తర్వాతే సెలవు పెట్టండి. గేటు బయటినుంచి తెల్ల స్తంభాలు చూసి నాన్న, “ఇంతేనా? హైదరాబాద్ రాజ్‌భవన్ ముందు ఇదెంత” అని తేల్చేశారు.

భోజనం ఒక ఫుడ్ ట్రక్కు దగ్గర. టాకోలు నాలుగు, బీన్స్, అన్నం కలిపి 23 డాలర్లు. ఆ బీన్స్‌లో అమ్మ తను తెచ్చుకున్న ఆవకాయ కలిపింది. నిజం చెప్పొద్దూ, ట్రిప్ మొత్తంలో అదే మంచి తిండి.

తిరిగి డాలస్‌కి బయల్దేరుతుంటే నాన్న, “2026 నవంబర్లో గవర్నర్ ఎన్నికలన్నావు కదా, ఎవరికేస్తావ్?” అన్నారు.

“గ్రీన్ కార్డే రాలేదు నాన్నా, ఓటెక్కడిది” అన్నాను.

“పదకొండేళ్లయింది కదరా!” అన్నారు. అమ్మ అప్పటికే వెనక సీట్లో నిద్రపోతోంది.