రిజిస్టరు పెళ్లి జంటకు గుంటూరులో ఏ సంఘం?

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద సంతకాలతో పెళ్లయింది. భర్త హిందువుగానే ఉంటాడు. మరి క్రైస్తవురాలైన భార్య ఆదివారం ఏ చర్చికి వెళ్లాలి?

గుంటూరులో లూథరన్లది, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్లది, పాత సంఘం. 1842లో అమెరికన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చినప్పటి నుంచీ ఉంది. వాళ్లకు బాప్తిస్మం, ప్రభు భోజనంలా పెళ్లి పవిత్ర సంస్కారం కాదు. లూథర్ దాన్ని లోక వ్యవహారమన్నాడు. కాబట్టి రిజిస్టరు పెళ్లి గురించి మాట్లాడుకోవడానికి చోటుంది. పసిబిడ్డకు బాప్తిస్మమూ ఇస్తారు. కాకపోతే తరాల కుటుంబాలెక్కువ, “ఎవరమ్మాయివి?” అన్నదే మొదటి ప్రశ్న. పాస్టరుగారు బదిలీ అయితే వైఖరీ మారొచ్చు.

స్వతంత్ర ప్రార్థన మందిరంలో అడుగు పెట్టగానే “వందనాలక్కా” అంటూ కుర్చీ వేస్తారు. తర్వాత ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. ఆ ఆప్యాయత బూటకం కాదు, లూథరన్లు నేర్చుకోవాల్సిందే. చిక్కల్లా తర్వాతే: “బావగారు బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటారు?” చాలాచోట్ల పైన బిషప్పు ఉండడు, అయ్యగారి మాటే శాసనం. పసిబిడ్డను ప్రార్థనతో దేవునికి ప్రతిష్ఠించడమే, బాప్తిస్మం పెద్దయ్యాకే.

నేనైతే లూథరన్ వైపే మొగ్గుతాను, అడగడానికి పాస్టరు పైన ఒకరున్నారని. ఎక్కడైనా సరే, సభ్యత్వానికి ముందే పాస్టరుగారిని సూటిగా అడగండి: నాకు ప్రభు భోజనం ఇస్తారా? రేపు సమాధుల తోటలో చోటిస్తారా?