స్టికర్ కింద ఏముందో చూడకుండా మల్టీవిటమిన్ డబ్బా కొనకండి

ఒక సప్లిమెంట్ల షాపులో మల్టీవిటమిన్ డబ్బా కొన్నాం, ఆనవాళ్లు చెబితే అది ఏదో మీకే అర్థమవుతుంది. మెట్రో లైను పక్కన, అద్దాల తలుపు మీద "ఒరిజినల్ యూఎస్ఏ సప్లిమెంట్స్" అని ఎర్రక్షరాలు, లోపల ఏసీ, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్. పేరు రాయను. కొన్నది "విమెన్స్ మల్టీ" అనే 90 మాత్రల డబ్బా, రూ.1,899. అడిగింది ఒక్కటే: అరవై దాటినావిడ, పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర, రెండు పూటలా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఈవిడకి ఇది పడుతుందా?

కౌంటర్‌లో ఉన్నాయన జవాబు: "లేడీస్‌దే మేడం, ఏ ఏజ్ అయినా ఒకటే. రోజుకొకటి ఏస్కుంటే మూడు నెలలు వస్తది."

ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదని ఇంటికొచ్చి స్టికర్ పీకాక తేలింది.

డబ్బా వెనక పోషకాల పట్టిక ఉంటుంది కదా, సరిగ్గా దాని మీదే తెల్ల స్టికర్ అంటించారు. దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, ఎమ్మార్పీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు అన్నీ దాని మీదే. విదేశీ సరుక్కి స్టికర్ వేయడం తప్పు కాదు. అయితే ఒరిజినల్ లేబుల్‌ని కప్పకూడదు, ఊడిరాకూడదు అని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దిగుమతి నిబంధనల్లోనే ఉంది. ఇదేమో గోరు తగలగానే మూల లేచింది, మెల్లగా లాగితే మొత్తం వచ్చేసింది. కింద చూస్తే సర్వింగ్ సైజు 3 మాత్రలు, డబ్బాకి 30 సర్వింగులు. అంటే ఇది నెల రోజుల డబ్బా. రోజుకి రూ.21 అనుకున్నది కాస్తా రూ.63 అయింది. ఆయన చెప్పినట్టు రోజుకొకటే మింగితే, పట్టికలో రాసిన ప్రతి అంకెలో మూడో వంతే ఒంట్లోకి పోతుంది. ఎటు చూసినా మనకే బొక్క.

వాపస్ తీసుకోమంటే ఏమన్నాడో వినండి.

"స్టికర్ పీకిన్రు కదా. సీల్ తీసినట్టే లెక్క."

సీలు తీయలేదు. మూత కింద రేకు అతికించింది అతికించినట్టే ఉంది. మూత తిప్పి చూపించినా డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు, ఫోన్ మీదే ఉన్నాడు. స్టికర్ పీకకపోతే లేబుల్ చదివేదెలా అంటే అప్పుడు తలెత్తాడు. "చదివి ఏం చేస్తరు మేడం? డాక్టరా మీరు? రోజూ ఇన్ని డబ్బాలు పోతయ్, ఒక్కరు అడగలే." వెనక వే ప్రోటీన్ కోసం నిలబడ్డ కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. ఆ నవ్వులకి ఇంకాస్త హుషారొచ్చినట్టుంది, వైద్య సలహా కూడా ఉచితంగా పడేశాడు: "రెండు రోజులు వాడి చూడున్రి, యూరిన్ పచ్చగొస్తే పనిచేస్తున్నట్టే."

మహానుభావా, అది విటమిన్ బీ2, అంటే రైబోఫ్లేవిన్. దాని రంగే పసుపు. ఒంటికి అక్కర్లేనిది మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి, అదే ఆ పచ్చరంగు. అది చూసి చెప్పగలిగేది ఒక్కటే, రూ.63లో కొంత బాత్రూమ్‌లో పోతోందని. ఒంట్లో ఏది తక్కువుందో, ఏది భర్తీ అయిందో ఆ రంగు ఏం చెబుతుంది?

ఇక "ఏ ఏజ్ అయినా ఒకటే" సంగతి. ఈ డబ్బాలో మూడు మాత్రలకి ఇనుము 18 మిల్లీగ్రాములు, పక్కన 100 శాతం అని ఉంది. ఆ శాతం అమెరికా వాళ్ల లెక్క. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి, మగవాళ్లకి 19. మనం తినేది ఎక్కువగా అన్నం, పప్పు, రొట్టె. వాటిలోని ఫైటేట్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, అందుకే మన అంకె పెద్దది. అంటే పాతికేళ్ల అమ్మాయికి ఆ "100 శాతం" నిజానికి 62 శాతమే. ఒకే మాత్ర వేసుకుంటే 21 శాతం కూడా దాటదు. అదే డబ్బా అరవై దాటినావిడకిస్తే, నెలసరి ఆగిపోయి ఇనుము అవసరం తగ్గిన మనిషికి రక్తపరీక్ష లేకుండా ఇనుము పోసినట్టు. మలబద్ధకం, కడుపులో మంట కొసరు. పెద్దవాళ్ల కోసం చేసే 50 ప్లస్ డబ్బాల్లో మామూలుగా ఇనుము ఉండదు, ఉండకపోవడానికి కారణం ఇదే. అవే డబ్బాలు అదే షాపులో పక్క అరలో ఉన్నాయి. తీసివ్వడానికి ఆయనకి చెయ్యి రాలేదు, బహుశా వాటి మీద మార్జిన్ తక్కువేమో.

థైరాయిడ్ మాత్ర దగ్గర ఇంకో చిక్కు. అందులోని మందు లెవోథైరాక్సిన్‌ని ఇనుము, కాల్షియం రెండూ పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. "పొద్దున్నే పరగడుపున అన్నీ కలిపి ఏస్కోండి" అని ఈ షాపుల్లో చెప్పే మాట విన్నవాళ్లకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) పెరగొచ్చు, డాక్టరు డోసు పెంచుతారు, అసలు దొంగ ఎవరో ఎవరికీ తెలియదు.

అంతకన్నా దారుణం బయోటిన్. ఈ డబ్బాలో మూడు మాత్రలకి 5,000 మైక్రోగ్రాములు. జుట్టుకి మంచిదని ఇప్పుడు అన్నింట్లోనూ దంచేస్తున్నారు. రోజుకి మనిషికి చాలేది 30, 40 మైక్రోగ్రాములు. చాలా ల్యాబుల్లో హార్మోన్ పరీక్షలు చేసే పద్ధతిలోనే బయోటిన్ ఒక భాగం. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, థైరాయిడ్ హార్మోన్ టీ4 తప్పుగా ఎక్కువ చూపించొచ్చు. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్ కూడా తప్పుగా తక్కువ రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద 2017లో హెచ్చరించింది, 2019లో మళ్లీ చెప్పింది. అంటే ఇనుము వల్ల టీఎస్‌హెచ్ నిజంగా పెరుగుతుంటే, బయోటిన్ వల్ల రిపోర్టులో అది తగ్గినట్టు కనబడుతుంది. ఒకే డబ్బాలో రెండూ! థైరాయిడ్ పేషెంటుకి ఇంతకంటే తగని సరుకు వెతికినా దొరకదు. ఆ మనిషికి థైరాయిడ్ ఉందని కౌంటర్ దగ్గర మొదటే చెప్పిన మాట.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బీ12 పడిపోతుంటుంది, ఇది డాక్టర్లందరికీ తెలిసినదే. ఈ డబ్బాలో బీ12 6 మైక్రోగ్రాములు. లోపం లేనివాళ్లకి అది చాలు, రోజు అవసరం సుమారు 2 మైక్రోగ్రాములే. లోపం వచ్చేసినవాళ్లకి మాత్రం డాక్టర్లు 1,000 మైక్రోగ్రాముల లెక్కలో ఇస్తారు, ఎందుకంటే అంత పెద్ద డోసులో దాదాపు ఒక శాతం మాత్రం మామూలు దారి అవసరం లేకుండానే లోపలికి పోతుంది. పైగా డబ్బాలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. అది రక్తహీనతని సర్దేస్తుంది, హిమోగ్లోబిన్ బాగుందని సంబరపడుతుంటాం, లోపల బీ12 లేక నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. పాదాల తిమ్మిర్లు షుగర్ వల్లే అనుకుని ఊరుకునేవాళ్లు ఒక్కసారి బీ12 చూపించుకోండి.

కాల్షియం 200 మిల్లీగ్రాములు అని గొప్పగా రాశారు. రోజుకి కావలసింది 1,000. కాల్షియం కార్బొనేట్‌లో 40 శాతమే కాల్షియం కాబట్టి 1,000 కావాలంటే 2,500 మిల్లీగ్రాముల పొడి కావాలి, అది ఏ మల్టీవిటమిన్ మాత్రలోనూ పట్టదు. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది, లెక్క మీరే వేసుకోండి. విటమిన్ డీ 1,000 యూనిట్లు, ఇది పర్వాలేదు. కాకపోతే ఇప్పటికే వారానికొకటి 60,000 యూనిట్ల సాచెట్ తాగుతున్నవాళ్లకి రోజుకి 8,500 పైచిలుకు పడుతూనే ఉంది. దాని మీద ఇది దండగ. ఆ సాచెట్లని డాక్టరు చెప్పిన వారాలు దాటి కొనసాగిస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఆస్పత్రి పాలు కావచ్చు.

బిల్లు సంగతి చెప్పనేలేదు. ఇచ్చింది "ఎస్టిమేట్" అని రాసిన చిన్న కాగితం, బాచ్ నంబరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. బిల్లివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకు వాపస్ తీసుకోననడం కూడా అంతే, బిల్లు మీద గడువేమీ రాయకపోతే 30 రోజుల లోపు తీసుకోవాలి. ఆయనకి ఈ ముక్క చెబితే "కేస్ ఏస్కోండి" అన్నాడు. వేశాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, స్టికర్ కప్పిన ఫొటో, పీకాక తీసిన ఫొటో రెండూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి పంపాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు, అక్కడిదాకా తెచ్చుకుంటే ఆయన ఇష్టం.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. ముందు సర్వింగ్ సైజు చూడండి, తరవాతే రేటు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుని ఆ సంస్థ లైసెన్సుల సైట్ ఫాస్కాస్‌లో కొట్టి, స్టికర్ మీది పేరూ అక్కడి పేరూ ఒకటేనా చూసుకోండి. నంబరుంటే లైసెన్సు ఉన్నట్టే గానీ లోపలి మాత్రని ఎవరో పరీక్షించినట్టు కాదు. గర్భిణులు రెటినాల్ రూపంలో ఉన్న విటమిన్ ఏ ఎక్కువున్నవి తీసుకోవద్దు, సిగరెట్ తాగేవాళ్లు బీటా కెరోటిన్ పెద్ద డోసుల జోలికి పోవద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసెనోకూమరాల్ వాడేవాళ్లు విటమిన్ కే ఉందేమో చూసి డాక్టర్ని అడిగాకే. గమ్మీలు అడిగే పిల్లలున్నారా, వాటిలో చక్కెర ఉంటుంది, ఇనుము సాధారణంగా ఉండదు. మన ఎండలకి గోదాములో కరిగి ముద్దయినవీ వస్తుంటాయి, డబ్బా ఊపి చూడండి. హార్మోన్ పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపేయండి, ఎక్కువ డోసు వాడుతుంటే ఎన్నాళ్లు ఆపాలో ల్యాబునే అడగండి.

ఆ అరలో అదే స్టికర్‌తో ఇంకా చాలా డబ్బాలున్నాయి. ఈమధ్య అక్కడ కొన్నవాళ్లుంటే ఒక మూల మెల్లగా లేపి చూసి, కింద ఏముందో ఇక్కడ రాయండి. ముందు ఫొటో తీశాకే పీకండి.