విశాఖ సెలవుల్లో అల్లికకు నూలా, ఊలా?

కుటుంబంతో విశాఖపట్నం వచ్చి, తీరిక వేళల్లో అల్లుకోవడానికి దారం కొనదలిచినవారికి నూలు, ఊలు రెండింటిలో ఏది మేలన్న సందేహం సముద్రపు గాలి తగలగానే మొదలవుతుంది. ఊలుకు సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం ఉన్నందువల్ల, పిల్లలు పిలిచినప్పుడల్లా చేతిపట్టు మారి అల్లిక కొంత ఎగుడుదిగుడైనా, తడిపి ఆరబెట్టినప్పుడు చాలావరకు సర్దుకుంటుంది; నూలుకు ఆ గుణం తక్కువ కనుక లోపాలన్నీ బయటపడతాయి, పైగా తన బరువుకే అల్లిక కిందికి సాగుతుంది. అయినా రామకృష్ణా బీచ్ ఉక్కపోతలో చెమట చేతులకు ఊలు అంటుకుని విసిగిస్తుంది. అక్కడ నూలే సుఖం. చేసంచి వంటి చిన్న పనులకు అది చాలు.

డిసెంబరులో అరకు వెళ్లేవారి మాట వేరు. ఆ చలికి మఫ్లర్ అల్లాలంటే ఊలే తగినది, కాకపోతే రైలు సొరంగాల చీకట్లోకి వెళ్లినప్పుడు కుట్ల లెక్క తప్పకుండా చూసుకోవాలి. దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది తరచుగా యాక్రిలిక్ అనే కృత్రిమ దారం కాబట్టి చీటీ చదవడం అవసరం (నేను చదవకుండా రెండుసార్లు కొన్నాను). ఏది ఎంచుకున్నా ఒకే డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే సంఖ్య) ఉన్న ఉండలనే, ఒకటి అదనంగా కొనాలి. సొంతూరు చేరాక అదే ఛాయ దొరకడం కష్టం.